పక్క ఖాళీగా ఉన్నా మోగని అలారం: నెలలు నిండని బిడ్డ ఇంట్లో మూవ్‌మెంట్ మానిటర్

గాజువాకలో హైవేకి దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. బిడ్డ ఆడపిల్ల, 33 వారాలకే పుట్టింది, బరువు 1,680 గ్రాములు. ఎన్‌ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్‌లో) మొదటి రోజుల్లో ఊపిరి ఆగిపోయే ఎపిసోడ్లు వస్తే, ఊపిరిని ప్రేరేపించే కెఫీన్ మందు ఇచ్చారు. మందు ఆపాక 8 రోజులు ఒక్క ఎపిసోడూ లేదని చూసుకుని డిశ్చార్జి చేశారు. అప్పటికి కడుపులో ఉన్న వారాలు కూడా కలిపితే 37 వారాలు, బరువు 2,150 గ్రాములు. ఇంటికి వచ్చిన 6వ రోజున హోమ్ విజిట్‌కి వెళ్లాం. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాం.

బిడ్డ బాగానే ఉంది. పాలు బాగా తాగుతోంది, రంగు బాగుంది, నిమిషానికి ఊపిరి 44. కేసు రాయడానికి కారణం బిడ్డ కాదు, పరుపు కింద పెట్టిన సెన్సర్ ప్యాడ్ మానిటర్. తండ్రి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. మొదటి రాత్రి అది 4 సార్లు, రెండో రాత్రి 6 సార్లు ఊరికే మోగింది. పరుగెత్తుకెళ్లి చూసిన ప్రతిసారీ బిడ్డ హాయిగా నిద్రపోతోంది. మూడో రోజున సెన్సిటివిటీ నాబ్‌ని 5కి, అంటే అతి చిన్న కదలికనీ పట్టే చివరి అంకెకి తిప్పారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా మోగలేదు. "మిషను మోగట్లేదు కదమ్మా, పిల్ల బాగానే ఉందని మేమూ కాస్త కన్ను మూస్తున్నాం" అంది అమ్మమ్మ.

ఈ నమ్మకాన్నే పరీక్షించాల్సి వచ్చింది.

ఈ యంత్రం దేన్ని చూస్తుంది

ప్యాడ్‌కి ఊపిరి తెలియదు. పరుపులోంచి వచ్చే చిన్న కదలికలు మాత్రమే తెలుస్తాయి. బిడ్డ ఛాతీ, పొట్ట లేచి పడుతుంటే ఆ అదురు పరుపు దాటి ప్యాడ్‌కి చేరుతుంది. ఈ రకం మానిటర్లలో చాలావాటికి గడువు 20 సెకన్లు. అంతసేపు ఏ కదలికా అందకపోతే మోగుతుంది. కదలిక ఏదైనా అందితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ కదలిక బిడ్డదా, ఫ్యాన్‌దా, పక్క మంచం మీద వాళ్లమ్మ ఒత్తిగిల్లడమా అన్నది దానికి తేడా లేదు.

అందువల్ల ఇది రెండు రకాలుగా తప్పుతుంది. బిడ్డ కదలిక అందక ఊరికే మోగడం ఒకటి. బయటి కదలిక అంది, మోగాల్సినప్పుడు మోగకపోవడం రెండోది. మొదటిది ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేస్తుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది. రెండోది ఎవరికీ తెలియదు. ఈ ఇంట్లో మొదటి తప్పుని సరిచేయబోయి రెండోదాన్ని తెచ్చుకున్నారు.

ఇంకొకటి తల్లిదండ్రులకు తప్పకుండా చెప్పాలి. గొంతు దగ్గర దారి మూసుకుపోతే, మెత్తటి దిండు ముక్కుకి అడ్డం పడితే, బిడ్డ గాలి కోసం పెనుగులాడుతుంది. ఛాతీ కదులుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. ప్యాడ్‌కి అది మామూలు కదలికే. మోగదు. అందుకే ముందు పక్క సరిచేయాలి, యంత్రం సంగతి ఆ తర్వాత. నిద్రలో హఠాత్తుగా శిశువు చనిపోయే ప్రమాదాన్ని తగ్గించే ఉపాయంగా ఇంటి మానిటర్లని వాడొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. కాలికి తొడిగే సాక్సుల రకం వేరు, అవి ఆక్సిజన్‌ని, గుండె వేగాన్ని చూస్తాయి. 2018లో అలాంటి రెండిటిని ఆస్పత్రి మానిటర్‌తో పోల్చి చూసిన అధ్యయనంలో ఒకటి ఆక్సిజన్ పడిపోవడాన్ని కొన్నిసార్లే పట్టింది, రెండోది అసలు పట్టలేదు.

కాట్ దగ్గర కనిపించినవి

కాట్, అంటే బిడ్డ పడుకునే కటకటాల మంచం, 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు. అడుగున చెక్క పట్టీలు, మధ్య మధ్య ఖాళీలు. ప్యాడ్‌ని నేరుగా ఆ పట్టీల మీద పెట్టారు. సగం పట్టీ మీద, సగం ఖాళీ మీద ఒరిగి ఉంది. దాని మీద కొబ్బరి పీచు పరుపు, పరుపు మీద బిడ్డకి గుచ్చుకోకూడదని నాలుగు మడతల బొంత. తల కింద ఆవాల దిండు. పట్టీలు అదురుని మింగేస్తున్నాయి, బొంత ఇంకొంత మింగేస్తోంది. రెండు కిలోల బిడ్డ ఊపిరికి మిగిలేది చాలా తక్కువ. ఊరికే మోగడానికి కారణం ఇది.

కాట్ నాలుగు మూలలా కర్రలు కట్టి దోమతెర వేశారు. పైన ఫ్యాన్ 5 మీద తిరుగుతోంది. తెర గాలికి రెపరెపలాడుతూ కర్రల్ని, కర్రలు కాట్‌ని లాగుతున్నాయి. చెయ్యి ఆనించి చూస్తే ఆ లాగుడు వేళ్లకి తెలుస్తుంది. కాట్ ఒక పక్క తల్లి మంచానికి ఆనుకుని ఉంది. రెండో పక్క గోడకి. ఆ గోడలోంచే అపార్ట్‌మెంట్ నీళ్ల మోటారు పైపు పైకి వెళుతుంది.

ప్యాడ్ వైరు సంగతి మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. పరుపుకీ కటకటాలకీ మధ్య సందులోంచి పైకి తెచ్చి, కటకటాల మీద తగిలించిన యూనిట్‌కి కలిపారు. బిడ్డ చేతికి అరచెయ్యంత దూరం. ఇవాళ ఆ చెయ్యి దేన్నీ పట్టుకోలేదు. ఐదారు నెలలకి పట్టుకుంటుంది, లాగుతుంది, మెడకి చుట్టుకుంటుంది. అమెరికాలో 2013 నవంబరులో ఏంజెల్‌కేర్ ప్యాడ్ మానిటర్లు సుమారు 6 లక్షలు వెనక్కి పిలిచారు. వైరు మెడకి చుట్టుకుని ఇద్దరు పిల్లలు చనిపోయిన తర్వాత జరిగిన పని అది. బిడ్డ ప్రాణం కోసం కొన్న వస్తువు వైరే బిడ్డ ప్రాణం తీసింది. కాట్ నుంచి 90 సెంటీమీటర్ల లోపల బిడ్డకి అందే వైరు ఏదీ ఉండకూడదన్న నియమం ప్యాడ్‌కే కాదు. కెమెరాకి, ఫోన్ చార్జర్‌కి, దోమల మందు మిషనుకి కూడా వర్తిస్తుంది.

ఆస్పత్రి సామాను డబ్బాలో కోవిడ్ నాటి వేలి ఆక్సీమీటర్ కూడా ఉంది. అప్పుడప్పుడు బిడ్డ బొటనవేలికి పెట్టి చూస్తున్నారట. పెద్దవాళ్ల వేలికి చేసిన క్లిప్పు పసిబిడ్డ కాలివేలికి సరిగా కూర్చోదు, తప్పుడు అంకె చూపిస్తుంది. దాన్ని పక్కన పెట్టమన్నాం.

ఖాళీ కాట్ పరీక్ష

పద్ధతి సులువు. అన్నీ రోజూ రాత్రి ఎలా ఉంటాయో అలాగే ఉంచాలి: ఫ్యాన్ అదే స్పీడు, ఏసీ వాడేవాళ్లయితే ఏసీ, తలుపులు అలాగే. బిడ్డని ఎత్తుకుని తల్లి గది బయటికి వెళ్లాలి. మానిటర్ ఆన్‌లోనే ఉండాలి. సెకన్ల ముల్లు చూడాలి. ఆ మోడల్‌కి చెప్పిన గడువుకి, ఇక్కడ 20 సెకన్లకి, మోగి తీరాలి.

ఉన్నది ఉన్నట్టుగా మొదటిసారి చూశాం. రెండు నిమిషాలు గడిచినా మోగలేదు. కాట్‌లో ఎవరూ లేరు, యూనిట్ మీద పచ్చ దీపం నిశ్చింతగా వెలుగుతూనే ఉంది. అమ్మమ్మ బిడ్డని గట్టిగా పొదువుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఫ్యాన్ ఆపితే 20 సెకన్లకి మోగింది. అంటే యంత్రం పాడవలేదు. ఫ్యాన్ వేసి, దోమతెర ఊడదీసి 5 సార్లు చూస్తే 3 సార్లే మోగింది. నేల మీద నడిచినా, తల్లి మంచం మీద అటు ఇటు కదిలినా మోగలేదు. కాట్‌ని మంచానికీ గోడకీ జానెడు ఎడంగా జరిపాక 5కి 4. ఐదోసారి ఆటోనగర్ వైపు బరువు లారీ వెళ్లింది. లెక్క మళ్లీ మొదలై 31 సెకన్లకి మోగింది. సెన్సిటివిటీ 5లో ఉన్నంతకాలం ఆ ఇల్లంతా ప్యాడ్‌కి బిడ్డలాగే కనిపిస్తుందని అప్పటికి అందరికీ అర్థమైంది.

సరిచేసిన వరుస

ముందు పక్క. ఆవాల దిండు, బొంత తీయించాం. తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు పెట్టడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పనే. కానీ నిద్రలో దిండు తలని ముందుకి నెడితే నెలలు నిండని బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుతుంది, గాలి దారి మడత పడుతుంది. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని కాసేపు బోర్లా పడుకోబెట్టడం, ఎత్తుకోవడం, నిద్రలో తలని ఒకరోజు ఇటు, ఒకరోజు అటు తిప్పి పడుకోబెట్టడం తల ఆకారానికి మంచి ఉపాయాలు. గట్టి పరుపు మీద బిగుతుగా పరిచిన ఒకే దుప్పటి, బిడ్డ వెల్లకిలా, అంతే. పరుపుకీ కటకటాలకీ మధ్య రెండు వేళ్లకంటే ఎక్కువ సందు ఉండకూడదు. కటకటాల మధ్య ఖాళీ 6 సెంటీమీటర్లు మించకూడదు. స్కేలు పెట్టి కొలిచాం, సరిపోయింది. మొలతాడు వదులుగా నడుముకే ఉంది కాబట్టి అలాగే ఉంచాం, మెడలోని నల్లపూసల దండ మాత్రం తీయించాం.

తర్వాత ప్యాడ్ కింద నేల. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కాట్ లోపలి కొలతకి ఒక సెంటీమీటరు తక్కువగా కోయించారు. ప్లైవుడ్ షాపులో కొలత చెబితే కోసి ఇస్తారు. అంచులు గరుకు కాగితంతో రుద్ది, పట్టీల మీద పరిచి, ఊగకుండా నాలుగు చోట్ల స్క్రూ బిగించాలి. ప్యాడ్ దాని మధ్యలో, బిడ్డ ఛాతీ వచ్చేచోట, ఏ వైపు పైకి ఉండాలో మాన్యువల్ చూసి పెట్టాలి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. ప్లైవుడ్ మీద పరుపు కింద గాలి ఆడదు, వారంలోనే బూజు వాసన వస్తుంది. అందుకని రెండు రోజులకోసారి పరుపుని ఎండలో నిలబెట్టమన్నాం. తిరిగి వేశాక ప్యాడ్ కదిలిపోయిందేమో చూడకుండా బిడ్డని పడుకోబెట్టకూడదు.

వైరుకి ప్లైవుడ్‌లో మధ్యన రూపాయి బిళ్లంత రంధ్రం చేసి కిందికి వదిలారు. అక్కడి నుంచి కాట్ కాలి వెంట వైరింగ్ కేసింగ్ పట్టీలో దించి, నేల మీదుగా మీటరు అవతల బల్ల మీద ఉన్న యూనిట్‌కి. కాట్ లోపలి నుంచి చెయ్యి పెట్టి వెతికితే వైరు ఎక్కడా తగలకూడదు. రంధ్రం అంచులకి టేపు చుట్టకపోతే చెక్క పేళ్లు వైరు పైపొరని కోస్తాయి, అది కూడా చూసుకున్నాం.

దోమతెరని కాట్ కర్రల నుంచి విడదీసి, సీలింగ్ హుక్కుకి వేలాడదీశారు, అంచులు కాట్‌ని తాకకుండా నేల మీద పడేలా. దోమలకి తెర అవసరమే, తీసేయమనలేం.

చివరికి సెన్సిటివిటీ. దీన్ని కింది నుంచి పైకి పెంచుకుంటూ రావాలి, భయపడి ఒకేసారి చివరికి తిప్పకూడదు. బిడ్డ గాఢనిద్రలో ఉన్నప్పుడు 1లో మొదలుపెట్టాం. మోగింది. 2లో 7 నిమిషాలకి మోగింది. 3లో 30 నిమిషాలు కూర్చున్నా మోగలేదు. ఇప్పుడు 3లోనే ఖాళీ కాట్ పరీక్ష: ఫ్యాన్ 5 మీద, ఆపై నీళ్ల మోటారు నడుస్తుండగా, ఆపై తల్లి మంచం మీద దొర్లుతుండగా, గదిలో ఒకరు నడుస్తుండగా. ఒక్కో పరిస్థితిలో 5 సార్లు, మొత్తం 20. నడిచినప్పుడు ఒక్కసారి 26 సెకన్లు పట్టింది, మిగతావన్నీ 20కే.

బిడ్డ నిద్రలో ఊరికే మోగకుండా, కాట్ ఖాళీగా ఉంటే తప్పక మోగే అంకె ఒకటైనా దొరకాలి. అలాంటి అంకె దొరకని గదిలో ఆ యంత్రాన్ని వాడకూడదు, ఎంత డబ్బు పెట్టినా సరే. ఉయ్యాలకీ, చీర ఉయ్యాలకీ, తల్లీబిడ్డా కలిసి పడుకునే డబుల్ కాట్ మంచానికీ ఆ అంకె దొరకదు. ఊగే పక్క తనే కదులుతుంటుంది. అమ్మమ్మకి పగలు చీర ఉయ్యాల వేయాలని ఉంది. ఈ బిడ్డకి అది ఇప్పుడే వద్దన్నాం. మిషను పనిచేయదని మాత్రమే కాదు, చీర మడతలో వీపు వంగి మెడ ముందుకి వాలుతుంది. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. బిడ్డని చీరలో వేసి, గడ్డం ఛాతీకి ఆనడం చూపించాక ఒప్పుకుంది.

స్నానం తర్వాత సాంబ్రాణి పొగ కూడా మానేయమన్నాం. ఊపిరి సమస్య ఉన్న బిడ్డకి ఏ పొగా మంచిది కాదు, ఇంట్లో సిగరెట్ పొగ అసలే పనికిరాదు.

కరెంటు, సెల్స్, ఉప్పు గాలి

యూనిట్‌లో నాలుగు పెన్సిల్ సెల్స్ ఉన్నాయి. తీసి చూస్తే రెండు స్ప్రింగుల మీద పచ్చటి చిలుము. సముద్రం దగ్గరి ఇళ్లలో ఇది మామూలే. చిలుము పట్టిన చోట కాంటాక్ట్ ఉండీ ఉండనట్టు ఉంటుంది, కరెంటు పోయిన క్షణంలో యూనిట్ ఆగిపోతుంది, దాని గొంతూ ఆగిపోతుంది. పొడిగుడ్డతో, గరుకు కాగితం అంచుతో శుభ్రం చేసి, సెల్స్ నాలుగూ ఒకేసారి కొత్తవి వేశారు. నెలకోసారి ప్లగ్ పీకి, సెల్స్ మీదే ఖాళీ కాట్ పరీక్ష చేయాలి. తల్లిదండ్రుల దగ్గరుండే యూనిట్‌ని వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా, బాత్రూంలో కుళాయి విప్పి, తలుపులు వేసి విని చూడాలి.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు యంత్రాన్ని నమ్ముకోకుండా, కాట్‌ని తల్లి మంచానికి చెయ్యి అందేంత దగ్గరలో ఉంచుకుని, పెద్దవాళ్లు వంతులవారీగా మేలుకోవాలి. మామూలు రోజుల్లో కూడా బిడ్డ పెద్దవాళ్ల గదిలోనే, వేరే పక్క మీద పడుకోవాలి, కనీసం ఆరు నెలలు. మానిటర్ ఉందని బిడ్డని వేరే గదికి మార్చడం మేం ఎప్పుడూ ఒప్పుకోం.

మోగితే

ఇంట్లో ఉన్న ముగ్గురితోనూ బొమ్మ మీద చేయించాం. ఒక్కరికే నేర్పితే ఆ ఒక్కరే రాత్రి నిద్రలో ఉంటారు.

ముందు దీపం వేయాలి, బిడ్డని చూడాలి. రంగు గులాబీగా ఉండి, పొట్ట కదులుతుంటే ఎత్తుకోవద్దు, నిద్ర లేపొద్దు. పసిపిల్లలు నిద్రలో 5 నుంచి 10 సెకన్లు ఊపిరి ఆపి, గబగబా తీసుకుని, మళ్లీ ఆపడం మామూలు. ఒక నిమిషం నిలబడి చూసి, ఛాతీ ప్యాడ్ మీదే ఉందా లేదా చూసి, టైము కాగితం మీద రాసుకుంటే చాలు.

కదలిక లేకపోతే అరికాలు తట్టాలి, వీపు గట్టిగా రుద్దాలి. ఎట్టి పరిస్థితిలోనూ కుదపకూడదు. అలా చేశాక ఊపిరి తీసుకున్నా, పెదాలు నీలంగా మారి ఉన్నా, ఒళ్లు వడలిపోయినట్టున్నా, మళ్లీ మామూలైపోయిందని ఊరుకోకుండా అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గాజువాక నుంచి మహారాణిపేటలోని పెద్దాస్పత్రి కేజీహెచ్‌కి వెళ్లే దారిలో ట్రాఫిక్ ఎంతుంటుందో తెలిసిందే. అందుకే పిల్లల అత్యవసర వైద్యం రాత్రిపూట కూడా ఉండే దగ్గరి ఆస్పత్రి ఏదో ముందే కనుక్కుని, దాని నంబరు, 108, ఫ్లాట్ నంబరు, లాండ్‌మార్క్ పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించారు.

స్పందన లేదు, ఊపిరి లేదు అంటే ఒకరు 108కి ఫోన్, ఇంకొకరు సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి నోటితో ఊపిరి ఇవ్వడం. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి మొదలుపెట్టాలి. బిడ్డని గట్టి బల్ల మీదో నేల మీదో వెల్లకిలా ఉంచాలి. రెండు చేతులూ ఛాతీ చుట్టూ వేసి, రెండు బొటనవేళ్లని చనుమొనల గీతకి కొంచెం కింద, ఛాతీ ఎముక మీద పెట్టాలి. ఛాతీ మందంలో మూడో వంతు లోతుకి 30 సార్లు నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో. ఇంత చిన్న బిడ్డకి ఆ లోతు 4 సెంటీమీటర్లలోపే ఉంటుంది. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. తర్వాత తలని మరీ వెనక్కి వాల్చకుండా, ముక్కు కప్పుని చూసేలా ఉంచి, నోటినీ ముక్కునీ కలిపి నోటితో మూసి, ఛాతీ లేచేంత మాత్రమే 2 చిన్న ఊపిరులు. మళ్లీ 30. బుగ్గల్లో పట్టేంత గాలి చాలు, పెద్దవాళ్ల ఊపిరంతా ఊదితే పొట్టలోకి పోతుంది.

మానిటర్ మోగకపోయినా ఆస్పత్రికి వెళ్లాల్సినవి వేరే కాగితం మీద రాయించాం: పాలు తాగడం తగ్గడం, ఒళ్లు చల్లబడడం లేదా జ్వరం, డొక్కలు ఎగరేయడం, మూలుగు, లేపినా సరిగా లేవకపోవడం. నెలలు నిండని పిల్లల్లో ఇన్‌ఫెక్షన్ వస్తే ఊపిరి ఆగడం మళ్లీ మొదలుకావచ్చు, దానికి ముందు కనిపించేవి ఇవే.

తర్వాతి వారాలు

రాత్రి పాలకి ఎత్తుకున్నప్పుడు ఆఫ్ చేయడం, పడుకోబెట్టాక ఆన్ చేయడం అన్నవి ఇంట్లో ఎక్కువగా జారిపోయిన పనులు. ఆఫ్ చేయడం మర్చిపోతే అదే మోగి చెబుతుంది. ఆన్ చేయడం మర్చిపోతే చెప్పేవాళ్లుండరు. మొదటి వారంలో తెల్లవారి చూస్తే రెండుసార్లు ఆఫ్‌లోనే ఉందట. డైపర్ల బుట్ట పక్కన కాగితం పెట్టి, ప్రతి పాలకీ ఒక గీత, ఆన్ చేశాక దాని మీద అడ్డగీత గీయమన్నాం. తర్వాత ఒక్క అడ్డగీతా తప్పలేదు.

కడుపులోని వారాలు కలిపి 39 వారాలప్పుడు తెల్లవారుజామున మూడింటికి ఒకసారి మోగింది. బిడ్డ పరుపు కింది మూలకి జరిగి, ఛాతీ ప్యాడ్ అంచు దాటింది. రంగు బాగుంది, ఊపిరి బాగుంది. తండ్రి నిమిషం చూసి, మధ్యకి జరిపి, టైము రాశాడు. ఆ తర్వాత బిడ్డని కాట్ పొడవునా మధ్యలో కాకుండా, పాదాలు కాట్ కింది చివరకి ఆనేలా పడుకోబెట్టి, ప్యాడ్‌ని కూడా ఛాతీ కిందికి జరిపారు. సెన్సిటివిటీ 3 లోనే, ఖాళీ కాట్ పరీక్ష మళ్లీ చేశారు.

ఎంతకాలం వాడాలని తల్లి అడిగింది. ఇంటి మానిటర్ల మీద 2001లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, నెలలు నిండని పిల్లల్లో తీవ్రమైన ఊపిరి, గుండె ఎపిసోడ్ల అదనపు ప్రమాదం, కడుపులోని వారాలు కూడా కలిపి, సుమారు 43 వారాలకి తగ్గిపోయింది. అందుకే 43 దాటాక పిల్లల డాక్టరు చూసి, ఇంటి కాగితంలో నిజమైన ఎపిసోడ్ ఒకటీ లేకపోతే తీసేయవచ్చని ముందే చెప్పాం. తేదీ ముందే అనుకోకపోతే ఏ తల్లికీ దాన్ని ఆపే ధైర్యం రాదు, రెండేళ్ల పిల్లకి కూడా అది మోగుతూ ఉంటుంది. 44వ వారంలో డాక్టరు చూశారు, ప్యాడ్ తీసేశారు. ప్లైవుడ్ కాట్‌లోనే ఉంచారు. కాట్ మాత్రం తల్లి మంచం పక్కనే, జానెడు ఎడంలో ఉంది.